ఒక్క రోజు నది మీదకి వెళ్ళండి, లైఫ్ జాకెట్ బిగించుకుని



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "లేబర్ డే సోమవారం సైటు సెలవు. టొరంటోలో హంబర్ నది మీద కయాక్‌లు అద్దెకిస్తారంట. ఎనిమిది మందిమి వెళ్దామనుకుంటున్నాం. వెళ్ళొచ్చా?" అని. దానికి వచ్చిన జవాబులు మీరూ చూసే ఉంటారు. సగం మంది "ఎందుకు బాబూ డబ్బు దండగ, అదేదో ఇంటికి పంపుకో" అన్నారు. మిగతా సగం "మనం గోదారి నీళ్ళు తాగి పెరిగినోళ్ళం, ఈ కాలవ మనకో లెక్కా, పదండి పోదాం" అన్నారు.

నాకైతే ఈ రెండు జవాబులూ నచ్చలేదు. మొదటి మాట వింటే మనిషి లోపల్నించి ఎండిపోతాడు. రెండో మాట వింటే మనిషే మిగలడు. నేను చెప్పేది ఒక్కటే. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కాని పదో అంతస్తులో స్లాబ్ అంచు మీదకి ఎలా వెళ్తామో, నీళ్ళ మీదకి కూడా అలాగే వెళ్ళండి. ఎందుకంటున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు దండగ అనే మాట సంగతి చూద్దాం.

మన బతుకులు ఎలా ఉన్నాయో ఒకరు చెప్పక్కర్లేదు. బేస్‌మెంట్‌లో ఆరుగురం. పొద్దున్నే నాలుగున్నరకి లేవడం, చీకట్లో బండెక్కడం, సాయంత్రం వచ్చి అన్నం వండుకుని పడుకోవడం. ఆదివారం వస్తే బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను, ఆ తరవాత మంచం మీద పడుకుని ఫోన్‌లో బొమ్మలు తోసుకుంటూ పోవడం. సాయంత్రానికి ఎవడో ఒకడు సీసా తెస్తాడు. నా దగ్గర సెంట్రింగ్ పని చేసే ఒక కుర్రాడు మిసిసాగాలో రెండేళ్ళు ఉన్నాడు. లేక్ ఒంటారియో తన గదికి బస్సులో అరగంట దూరం. ఒక్కసారి కూడా దగ్గరికెళ్ళి చూడలేదన్నాడు. స్లాబ్ మీద నించుంటే దూరంగా నీలంగా కనపడేది, అంతే. "అది మనది కాదు కదన్నా" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

మనది కాకపోవడం ఏమిటి? హంబర్ నది సరస్సులో కలిసే చోట ఆకాశం అంత ఎత్తు కాండో టవర్లు వరసగా లేచాయి. అలాంటి టవర్లకి కడ్డీ కట్టేది, పలకలు బిగించేది, కాంక్రీటు పోసేది మనలాంటివాళ్ళే. బాల్కనీలో కుర్చీ వేసుకుని నది చూసేవాడు ఒకడు, ఆ బాల్కనీ కట్టినవాడు ఒకడు. కట్టినవాడు ఒక్కరోజు కూడా ఆ నీళ్ళ మీద కూర్చోకూడదా? దానికి అయ్యే ఖర్చు మహా అయితే సగం పూట కూలీ. ఒక శనివారం రాత్రి సీసాకి, బిర్యానీకి, ఇంటికి చేరే ఊబర్‌కి అయ్యేదానితో పోలిస్తే అది ఎక్కువేం కాదు.

ఇంకో సంగతి. లేబర్ డే సెలవు మనకి ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 1872లో ఇదే టొరంటోలో అచ్చాఫీసు కార్మికులు రోజుకి తొమ్మిది గంటల పని చాలు అని సమ్మె కట్టారు. ఆ రోజుల్లో యూనియన్‌గా కూడి సమ్మె చెయ్యడమే నేరం. వాళ్ళ నాయకుల్ని పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. ఏప్రిల్ 15న క్వీన్స్ పార్కు దగ్గర వేల మంది పోగయ్యారు. ఆ ఏడాదే ప్రభుత్వం ట్రేడ్ యూనియన్ల చట్టం తెచ్చి, సంఘం పెట్టుకోవడం నేరం కాదని ఒప్పుకుంది. 1894లో సెప్టెంబరు మొదటి సోమవారం దేశమంతా సెలవు అయింది. అంటే పనివాడికి తన కోసం ఒక పూట మిగలాలి అని ఈ ఊళ్ళోనే మనలాంటివాళ్ళు జైలుకెళ్ళి సంపాదించిన రోజు అది. దాన్ని మంచం మీద పడుకుని పోగొట్టుకోవడమే నా దృష్టిలో దండగ.

ఇప్పుడు హంబర్ నది గురించి. వెళ్ళేవాళ్ళకి అది ఎలాంటి నదో తెలియాలి.

హంబర్ మన గోదావరి లాంటిది కాదు. చిన్న నది. నయాగరా ఎస్కార్ప్‌మెంట్ వైపు నుంచి సుమారు వంద కిలోమీటర్లు పారి టొరంటో పడమర పక్కన లేక్ ఒంటారియోలో కలుస్తుంది. రైళ్ళు, రోడ్లు రాకముందు ఇది ఇక్కడి ఆదివాసుల దారి. సరస్సు నుంచి ఉత్తరాన లేక్ సింకో వైపు వెళ్ళడానికి, బర్చి చెట్టు బెరడుతో చేసిన కనూలను భుజాన మోసుకుంటూ నది పక్క బాటమ్మట నడిచేవాళ్ళు. ఆ బాటని టొరంటో క్యారీయింగ్ ప్లేస్ అంటారు, మోసుకెళ్ళే దారి అని. కయాక్ ఇంకా ఉత్తరాన మంచు దేశంలో ఉండే ఇన్యూట్ జనం చేసుకున్న పడవ. కొయ్య చట్రానికి సీల్ చర్మం బిగించి, ఒక్క మనిషి పట్టేంత సందు వదిలేవాళ్ళు. వేటకి, అంటే పొట్టకూటి పనికి వాడిన పడవ అది. మనూళ్ళో తాటి దోనె ఎలాగో వాళ్ళకి అది అలాగ. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేసి సరదాకి అద్దెకిస్తున్నారు.

వెళ్ళే దారి చెప్తాను. బ్రాంప్టన్, మిసిసాగా నుంచి వచ్చేవాళ్ళు బస్సులో కిప్లింగ్ సబ్‌వే స్టేషన్‌కి చేరండి. అక్కడ లైన్ 2 ఎక్కితే ఇస్లింగ్టన్, రాయల్ యార్క్, ఆ తరవాత ఓల్డ్ మిల్. దిగి కాస్త నడిస్తే నది. ఒకే ప్రెస్టో కార్డు గాని ఒకే బ్యాంకు కార్డు గాని గీకుతూ రెండు గంటల లోపు మారితే బస్సు నుంచి టీటీసీకి రెండోసారి చార్జీ పడదు. కారు లేదని ఆగక్కర్లేదు.

ఓల్డ్ మిల్ దగ్గర 1916లో కట్టిన రాతి కమానుల వంతెన ఉంది. మేస్త్రీ పని తెలిసినవాళ్ళు రెండు నిమిషాలు ఆగి దాన్ని చూడండి, ఆ రాతి పని చూడదగ్గది. కయాక్ నడపాల్సింది ఈ వంతెనకి దిగువన, సరస్సు వైపు. అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. సబ్‌వే వంతెన కింద నుంచి, బ్లూర్ స్ట్రీట్ వంతెన కింద నుంచి వెళ్తే రెండు వైపులా తుంగ, చిత్తడి నేల. కొంగలు, తాబేళ్ళు కనపడతాయి. నెత్తిన రైలు వెళ్తుంటే కింద మనం తెడ్డు వేసుకుంటూ పోతుంటాం. అంత పెద్ద ఊరి మధ్యలో ఉన్నామనే గుర్తుండదు. చివర హంబర్ బే దగ్గర తెల్లటి కమాను వంతెన వస్తుంది. అక్కడ ఆగి వెనక్కి తిరగండి. అది దాటితే సరస్సు. సరస్సులో గాలి లేస్తే అలలు సముద్రంలా వస్తాయి, కొత్తవాళ్ళు అటు పోకూడదు.

వంతెనకి ఎగువకి కూడా పోవద్దు. అటు నదికి అడ్డంగా చిన్న చిన్న ఆనకట్టలు ఉన్నాయి. చూడ్డానికి నడుం లోతు నీళ్ళు, మన చెక్‌డ్యామ్‌లాగే ఉంటాయి. కాని కిందపడే నీరు వెనక్కి తిరగేసి తిప్పుతుంది. అందులో చిక్కిన మనిషిని పైకి రానివ్వదు. సెప్టెంబరు సగం అయ్యాక సాల్మన్ చేపలు సరస్సు నుంచి వచ్చి ఆ ఆనకట్టల మీదకి ఎగురుతుంటాయి. అది ఒడ్డున నించుని చూడాల్సిన వేడుక.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఇంత ఖరీదైన ఊళ్ళో నది పొడుగునా ఇన్ని పార్కులు ఎందుకు మిగిలాయో తెలుసా? 1954 అక్టోబరు 15 రాత్రి హేజల్ తుఫాను వచ్చింది. హంబర్ ఒక్కసారిగా పొంగింది. రేమోర్ డ్రైవ్ అనే వీధిలో ఇళ్ళకి ఇళ్ళు కొట్టుకుపోయి ఆ ఒక్క వీధిలోనే 35 మంది పోయారు. మొత్తం కెనడాలో 81 మంది. ఆ దెబ్బతో వరద పారే నేలలో ఇళ్ళు కట్టనివ్వకుండా, ఆ భూములు తీసుకుని పార్కులు చేశారు. రేమోర్ డ్రైవ్ ఉన్న చోట ఇప్పుడు రేమోర్ పార్కు ఉంది. కాబట్టి మీరు నడిచే ఆ పచ్చిక వెనక కథ ఉంది. ఆ నది చిన్నదే, కాని వాన పడితే ఎలా మారుతుందో ఆ ఊరికి తెలుసు. 2024 జూలై 16న కూడా కొన్ని గంటల్లోనే వంద మిల్లీమీటర్ల దాకా వాన పడి రోడ్లు మునిగాయి. పెద్ద వాన పడితే ఆ రోజూ, మర్నాడూ నది మీదకి పోకండి. ఉరవడి ఒకటి, కొట్టుకొచ్చే దుంగలు ఒకటి, ఊరి మురికి నీరు కలవడం ఒకటి. డబ్బు కట్టేశాం కదా అని మాత్రం పోవద్దు.

ఇప్పుడు రెండో జవాబు సంగతి. "మనకి ఈత వచ్చు."

నాదీ కోనసీమే. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం దాటిన కాళ్ళే ఇవి. కాలవలో ఈత మా అందరికీ ఐదారేళ్ళకే వచ్చేది. అందుకే మనోళ్ళకి చెప్పే చనువు తీసుకుంటున్నాను. కాలవ ఈత వేరు, చల్లటి నీళ్ళలో బట్టలు, బూట్లతో పడిపోవడం వేరు. ఇక్కడ మే నెలలో ఎండ 25 డిగ్రీలు ఉన్నా నీళ్ళు మంచు కరిగిన నీళ్ళలాగే ఉంటాయి. మానిటోబా యూనివర్సిటీలో చలి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ ఒక లెక్క చెప్తాడు. ఒకటి, పది, ఒకటి. చన్నీళ్ళలో పడ్డాక మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. ఆ నిమిషంలో నోరు నీళ్ళలో ఉంటే ఈత వచ్చినవాడైనా నీళ్ళు మింగుతాడు. తరవాత పది నిమిషాలు చేతులు, కాళ్ళు మన మాట వింటాయి. ఆ పైన వినవు. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి ఒక గంట దాకా పడుతుంది. అంటే చాలామంది చలితో పోరు, ఆ మొదటి నిమిషంలో తల పైన ఉంచేది లేక పోతారు. లైఫ్ జాకెట్ పని అదే. నీకు ఈత రాదని కాదు అది, నీ ఒళ్ళు నీ మాట విననప్పుడు తల పైన ఉంచడానికి.

అందుకే నేను లేబర్ డేనే మంచి రోజు అంటాను. ఎండాకాలం అంతా కాగి ఆగస్టు, సెప్టెంబరు మొదట్లో నీళ్ళు కాస్త వెచ్చగా ఉంటాయి. మే నెలలో ఉత్సాహపడొద్దు.

గోదారోళ్ళం అంటాం కదా, గోదారే మనకి ఏం చెప్పిందో గుర్తు చేసుకోండి. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూద్దామని రాయల్ వశిష్ఠ లాంచీలో 77 మంది బయల్దేరారు. నది వరద మీదుంది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర సుడిలో లాంచీ తిరగబడింది. బయటపడింది 26 మంది. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉన్నందుకే బతికామని వాళ్ళలో చాలామంది చెప్పారు. నెల దాటాక అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం లాంచీని పైకి లాగేదాకా కొన్ని కుటుంబాలు గట్టునే ఎదురు చూశాయి. ఆ ఏడుపులు మనం టీవీలో చూశాం. అప్పుడు "పాపం" అన్నాం. ఇప్పుడు మన ఫొటో బాగా రావాలని జాకెట్ విప్పి పక్కన పెడతామా?

ఇంకో లెక్క మన పని నుంచే చెప్తాను. హంబర్ పారే ఈ పడమటి టొరంటోలోనే కిప్లింగ్ అవెన్యూ ఉంది. 2009 డిసెంబరు 24, క్రిస్మస్ ముందు రోజు, అక్కడ ఒక అపార్టుమెంటు బాల్కనీలు బాగుచేస్తున్న వలస కార్మికులు పదమూడో అంతస్తు ఎత్తులో స్వింగ్ స్టేజ్ మీద ఉన్నారు. ఊయల బల్ల మీద మనుషులు ఆరుగురు. లైఫ్‌లైన్ తాళ్ళు రెండే. బల్ల మధ్యకి విరిగింది. నలుగురు పోయారు, ఒకతను తీవ్రంగా దెబ్బతిని బతికాడు. తాడుకి సరిగ్గా కట్టుకుని ఉన్నవాడు ఒక్కడే గాల్లో వేలాడుతూ మిగిలాడు. ఆ పని చూసే ప్రాజెక్టు మేనేజరుకి 2016లో మూడున్నరేళ్ళ జైలు పడింది. తాళ్ళు చాలవని తెలిసీ ఎక్కనిచ్చాడని. ఆ నలుగురి చావు తరవాతే మనం ఇప్పుడు చేసే వర్కింగ్ ఎట్ హైట్స్ ట్రైనింగ్ 2015 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. మూడేళ్ళకోసారి మళ్ళీ చేయిస్తున్నారంటే దాని వెనక నాలుగు ప్రాణాలున్నాయి.

నేను సూపర్‌వైజర్‌ని కాబట్టి ఆ కేసు నా మనసులోంచి పోదు. మనుషులు ఆరు, తాళ్ళు రెండు. సైటు మీద ఈ లెక్క ఎవడైనా చెప్తే ఇవాళ మీరే "నేను ఎక్కను" అంటారు. ఆ మాట అనే హక్కు ఒంటారియో చట్టం మీకిచ్చింది. మరి నది మీద ఎందుకు అనరు? పడవలు నాలుగు, జాకెట్లు మూడు, "పర్లేదులే నాకు ఈత వచ్చు" అని ఎవడో ఒకడు అంటాడు. అదే కిప్లింగ్ లెక్క. నీళ్ళ మీద లైఫ్ జాకెట్టే మన హార్నెస్. అది పడవలో కాళ్ళ దగ్గర పడేసి ఉంటే, హార్నెస్ తెచ్చి టూల్‌బాక్సులో పెట్టినట్టే.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. తెడ్డుతో నడిచే పడవకి కెనడాలో లైసెన్సు అక్కర్లేదు. ఆపరేటర్ కార్డు మోటారు ఉన్నవాటికే. కాని పడవలో ఉన్న ప్రతి మనిషికీ సరిపోయే సైజు లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. 15 మీటర్ల తేలే తాడు, నీళ్ళు తోడే డబ్బా గాని చేతి పంపు గాని, ఊదే విజిల్ కూడా ఉండాలి. చీకటి పడితే లైటు. అందుకే నేను "కొనొద్దు, అద్దెకి తీసుకోండి" అంటాను. షాపులో చవగ్గా దొరికే గాలి పడవ కొనుక్కుని, ఎక్కడ దించాలో తెలియని చోట దించేవాళ్ళని చూస్తున్నాం. అద్దెకిచ్చేవాడు జాకెట్ కొలత చూసి ఇస్తాడు, తెడ్డు పట్టడం చూపిస్తాడు, ఇవాళ నది ఎలా ఉందో అతనికి తెలుసు. అతను "ఇవాళ వద్దు" అంటే వాదించకండి.

అద్దె తీసుకునే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. దాన్ని వేవర్ అంటారు. ఏదైనా జరిగితే మిమ్మల్ని కోర్టుకి లాగను అని మనం రాసిచ్చేది. చదవకుండా గీకెయ్యొద్దు. ఇంగ్లీషు రానివాడికి వచ్చినవాడు చదివి చెప్పాలి. పడవకి దెబ్బ తగిలితే ఎంత కట్టాలి, ఆలస్యమైతే ఎంత, వాన పడితే డబ్బు తిరిగిస్తారా, ఈ మూడూ అడగండి. కార్డు మీద డిపాజిట్ పట్టేవాళ్ళు కూడా ఉంటారు. ఎవరి కార్డు ఇచ్చారో వాడొక్కడి మీదే భారం పడకుండా ముందే మాట్లాడుకోండి.

ఇంకోటి గుర్తుంచుకోండి. సెలవు రోజు నది మీద చెయ్యి విరిగితే డబ్ల్యూఎస్ఐబీ డబ్బులు రావు. అది పనిలో తగిలే దెబ్బకే. ఆరు వారాలు పనికి వెళ్ళకపోతే ఊళ్ళో అప్పు ఆగదు. అందుకే హెల్త్ కార్డు, ఫోను నీళ్ళు దూరని సంచిలో మెడకి కట్టుకోండి.

ఇక మందు. దీని గురించి మొహమాటం లేకుండా రాస్తాను. నది మీద ఒక్క బీరు కూడా వద్దు. "కారు కాదు కదా, తెడ్డు కదా" అనుకుంటారు. కనూ నడిపిన కేసులో ఒంటారియో కోర్టు తేల్చి చెప్పింది, చేత్తో నడిపే కనూ కూడా చట్టం ప్రకారం పడవే అని. 2022లో పై కోర్టు కూడా అదే అంది. అంటే తాగి కారు నడిపితే ఏ నేరమో, తాగి కయాక్ నడిపినా అదే నేరం. 2018 డిసెంబరు 18 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్ళు అయింది. దాంతో ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని తీవ్రమైన నేరాల్లో లెక్కిస్తుంది. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడికి, పీఆర్ వచ్చినవాడికి కూడా దేశం విడిచి పొమ్మనే దాకా రావచ్చు. పది లక్షలు అప్పు చేసి వచ్చాం ఇక్కడికి. ఒక సీసా బీరు కోసం ఆ దారి మూసుకోకండి. తాగాలనిపిస్తే ఇంటికొచ్చాక చూసుకోండి.

వెళ్ళే గుంపుకి నా సలహా, ముందు ఒక్కడిని పెద్దగా పెట్టుకోండి. వయసులో పెద్ద అవ్వక్కర్లేదు, మాట చెల్లేవాడు కావాలి. సైటులో పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగు పెట్టినట్టు ఒడ్డున ఐదు నిమిషాలు పెట్టండి. ముందు జాకెట్లు లెక్కపెట్టాలి, తరవాత మనుషుల్ని. ప్రతివాడి భుజం దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టు, మళ్ళీ బిగించాలి. మొదటిసారి ఎక్కేవాడిని తెలిసినవాడితో ఇద్దరు కూర్చునే కయాక్‌లో ఎక్కించండి. ఎవడికైనా భయమేస్తే బలవంతం చెయ్యకండి, ఎగతాళి చెయ్యకండి. ఒడ్డున కూర్చుని పులిహోర పొట్లాలు కాపలా కాసేవాడూ మనవాడే.

పడవ తిరగబడితే పడవని వదలొద్దు. ఒడ్డు దగ్గరే కదా అని దాన్ని వదిలి ఈదొద్దు. పడవ తేలుతుంది, దూరం నుంచి జనానికి కనపడుతుంది. ఉరవడి ఉన్న చోట లేచి నిలబడొద్దు, రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుంటే నీరు మనిషిని వంచేస్తుంది. వెల్లకిలా పడుకుని కాళ్ళు ముందుకి చాపి నీటితో పాటు పోతూ ఒడ్డుకి జరగాలి. తోటివాడు పడితే వెనకే దూకొద్దు. తాడు విసరండి, తెడ్డు అందించండి, 911కి ఫోను చెయ్యండి. ఏ పార్కు, ఏ వంతెన దగ్గర ఉన్నారో చెప్పగలిగేలా ముందే పేర్లు నేర్చుకోండి.

వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. క్యాల్గరీలో బో నది కొండల మంచు నుంచి వస్తుంది, జూలైలో కూడా చల్లగానే ఉంటుంది, ఉరవడి కూడా ఎక్కువ. అక్కడ ఊరి నిబంధన ప్రకారం నది మీద లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. లేకపోతే జరిమానా. కిచెనర్, కేంబ్రిడ్జ్ వైపు గ్రాండ్ నదికి వెళ్ళేవాళ్ళు ఎగువన డ్యామ్‌లు ఉన్నాయని మరవొద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగిన మన హైదరాబాదు ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది పైన డ్యామ్ నీళ్ళు వదలడంతో కొట్టుకుపోయారు. వాళ్ళు దిగినప్పుడు నీళ్ళు మోకాలి లోతే. నది పైన ఏముందో తెలిసినవాణ్ణి అడగకుండా ఏ నదిలోనూ దిగకండి.

ఇంత జాగ్రత్త చెప్తున్నాను కదా, ఇక వెళ్ళడమెందుకు అని కొందరు అనుకోవచ్చు. ఎత్తు మీద పని ప్రమాదమని మనం పని మానేశామా? హార్నెస్ కట్టుకుని వెళ్తున్నాం. మన ఇంట్లోవాళ్ళ కోసం రోజూ అంత జాగ్రత్త పడగలిగినవాళ్ళం, మన సంతోషం కోసం ఒక్క రోజు పడలేమా? మనల్ని ఇక్కడికి పంపినవాళ్ళు డబ్బు ఒక్కటే అడగలేదు, మనం కూడా బాగుండాలనే కోరుకున్నారు. ఫోనులో "ఎలా ఉన్నావురా" అని అమ్మ అడిగితే ప్రతిసారీ "బానే ఉన్నానమ్మా" అని చెప్పి పెట్టేస్తాం. ఒక్కసారైనా "ఇవాళ నది మీద పడవ నడిపానమ్మా, కొంగల్ని చూశాను" అని చెప్పండి. ఆవిడ ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తింటుంది.

లేబర్ డేకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ గురువారం లోపు పేరు గ్రూపులో పెట్టండి. ఈత వచ్చో రాదో కూడా రాయండి, సిగ్గుపడక్కర్లేదు. లాంగ్ వీకెండ్ కాబట్టి పడవలు ముందే నిండిపోతాయి, ఫోను చేసి సమయం పట్టుకోవాలి. పదిమంది పైన అయితే రెండు గుంపులుగా పోదాం. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, నలుగురం కలిసి చూసుకుంటాం.

ఒక్క షరతు. ఒడ్డున జాకెట్ బిగించుకోనివాడు పడవ ఎక్కడు. అది మా అన్నయ్య అయినా సరే.

ఉంటాను. అందరూ జాగ్రత్త.